ఇబ్రహీంపట్నం బస్టాండు నుండి పంజాగుట్ట దాకా

ఇబ్రహీంపట్నం అనే పేరుగల ఊళ్లు మన తెలుగు నేల మీద కనీసం మూడున్నాయి. ఒకటి విజయవాడ పక్కన, కృష్ణ ఒడ్డున. ఒకటి జగిత్యాల జిల్లాలో. మూడవది రంగారెడ్డి జిల్లాలో, హైదరాబాదు నుండి నాగార్జునసాగర్ పోయే దారిలో. కళ్లున్నవారికి ఇది నవ్వుకొనే సంగతి. సెల్‌ఫోను చెప్పే మాట విని నడిచేవారికి మాత్రం నవ్వులాట కాదు. జిల్లా పేరు కలపకుండా అడిగితే ఆ ఫోను ఒక్కోసారి మనిషిని ఏకంగా విజయవాడ దారి పట్టిస్తుంది. ఈ సంగతి మాకు చెప్పినది మా సంఘంలోని ఒక తమ్ముడు. ఆయనకు చూపు లేదు. ఆయనతో మేము చేసిన ఒక దినపు ప్రయాణం గురించి మన పత్రిక చదువరులకు చెప్పాలని ఇది రాస్తున్నాము.

రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నం హైదరాబాదుకు సుమారు 30 కిలోమీటర్లు. గోల్కొండను 1550 నుండి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా పేరు మీద వెలిసిన ఊరు. ఆయన కాలపు పెద్ద చెరువు ఊరి పక్కనే ఉంది. పాతకాలంలో పట్నం పోవాలంటే కోడికూతకు లేచి సద్ది కట్టుకొని బయలుదేరేవారని మన పెద్దలు చెబుతారు. ఇప్పుడు బొంగ్లూర్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. ఆదిబట్లలో విమానాల భాగాలు తయారవుతున్నాయి. 2022 ఆగస్టులో జిల్లా కలెక్టరు కార్యాలయమే ఈ మండలంలోని కొంగరకలాన్‌కు వచ్చింది. దారులు వెడల్పయ్యాయి, బండ్లు పెరిగాయి. రోడ్డు వెడల్పయితే అందరికీ మేలే అని మనం అనుకుంటాము. కర్రతో నేలను తడుముతూ నడిచేవారిని అడిగితే వేరే జవాబు వస్తుంది. ఇరుకు రోడ్డును పది అడుగుల్లో దాటేవారు. ఇప్పుడు నడుమ డివైడరు, అటూ ఇటూ ఆగని బండ్లు.

మా తమ్ముడు పుట్టుకతో చూపు లేనివాడు కాదు. చిన్నతనంలో రేచీకటి అన్నారు. సాయంత్రమైతే గడప తట్టుకొని పడేవాడు. తరువాత పక్క చూపు పోయింది, గొట్టంలోనుండి చూసినట్టు ఎదుటిది మాత్రమే కనబడేది. ఇరవై ఐదేళ్లు నిండకముందే అదీ పోయింది. కంటి వెనుక పొర మెల్లమెల్లగా చెడిపోయే వ్యాధి ఇది, వంశంలో వస్తుంది. దగ్గరి మేనరికాలలో ఇటువంటివి వచ్చే అవకాశం ఎక్కువని వైద్యులు చెబుతారు. పెండ్లి సంబంధాలు చూసే తలిదండ్రులు ఈ మాట మనసులో పెట్టుకోవడం మంచిది.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో చూపు తిరిగిరాని వారికి నడక, కంప్యూటరు, రోజువారీ పనులు నేర్పే విభాగమొకటి ఉన్నది. మా తమ్ముడు అక్కడికి పోయి నేర్చుకుంటున్నాడు. మొదట్లో తండ్రి వెంట తీసుకొనిపోయేవాడు. పోయిన ప్రతిసారీ తండ్రికి ఒకనాటి కూలి పోయేది. తరువాత తండ్రికి మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి. ఇక తల్లి ముందుకు వచ్చింది. 2023 డిసెంబరు 9 నుండి మన రాష్ట్రంలో ఆడవారికి ఆర్టీసీ ప్రయాణం ఉచితం గదా! "నాకు టికెట్టు లేదాయె, నేనే తోలుకపోత బిడ్డా" అన్నది. కొడుకు ఒప్పుకోలేదు. "టికెట్టు లేకుంటే ఏందమ్మా, నీ కూలి పోదా? నేను ఒక్కన్నే పోత. నడక నేర్పింది ఎందుకు మరి?" అన్నాడు. ఇంట్లో పది దినాలు దీని మీదనే వాదన. చదువు మానుకోవాలి, లేదా ఒంటరిగా పోవాలి. మూడవ దారి లేదు.

చివరకు ఆ తల్లి మా దగ్గరకు వచ్చింది. "ఆడు ఒక్కడే పోత అంటుండు. మీరు ఎనక పోయి సూడుండ్రి. మీరు మంచిగ పోయిండు అంటే నేను ఒప్పుకుంట" అన్నది. అందుకు మా తమ్ముడు ఒక షరతు పెట్టాడు. "అన్నా, మీరు నా ఎనక రాండ్రి. నేను పిలిస్తే తప్ప మాట్లాడొద్దు, చెయ్యి పట్టొద్దు. పట్టుకుంటే అమ్మకు ఏం చెప్తరు మీరు?" న్యాయమైన మాటే. ఒప్పుకొని, ప్రార్థన చేసుకొని, ఒక బుధవారం పొద్దున బయలుదేరాము.

ఇబ్రహీంపట్నం బస్టాండులో ఆయన చెవితోనే అంతా చూస్తున్నాడని త్వరలోనే తెలిసింది. మిరపకాయ బజ్జీల వాసన ఎటు వస్తే అటు పట్నం బస్సులు ఆగే చోటు అని గుర్తు పెట్టుకున్నాడట. చొక్కా జేబులో సెల్‌ఫోను, ఒక చెవికి మాత్రమే చిన్న స్పీకరు. రెండవ చెవి ఖాళీగా ఉండాలి, అది రోడ్డుకు కావాలి. ఆయన ఫోనులో టాక్‌బ్యాక్ అనే ఏర్పాటు ఉంది. తెర మీద వేలు పెట్టిన చోట ఏముందో అది తెలుగులో చదువుతుంది. రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. ఇది ఖరీదైన ప్రత్యేక పరికరమేమీ కాదు. మన ఇళ్లలోని మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిలో అదే ఉంటుంది, మనం ఎప్పుడూ తెరచి చూడము, అంతే. బస్సు ఎక్కడి దాకా వచ్చిందో చెప్పే 'గమ్యం' అనే యాప్‌ను ఆర్టీసీ 2023 ఆగస్టులో విడుదల చేసింది. తమ్ముడు దానిని కూడా వేలితో తడిమి విన్నాడు.

అయితే వచ్చిన బస్సు ఏదో ఫోను చెప్పదు. పట్నానికి పోయే సిటీ బస్సులకు 277 అనే అంకె ఉంటుంది, వెనుక వచ్చే అక్షరాన్ని బట్టి దారి మారిపోతుంది. బోర్డు చదవలేని వానికి ఆ ఒక్క అక్షరమే పెద్ద గండం. "ఎల్బీనగర్ పోతదా అక్కా?" అని పక్కన నిలుచున్నామెను అడిగాడు. ఆమె "పోతది తమ్మీ, ఎక్కు" అన్నది. ఎక్కాడు. ఈ చిక్కు తీర్చడానికి ఢిల్లీ ఐ.ఐ.టి. వారు ఒక చిన్న పరికరం తయారుచేశారు. మీట నొక్కితే వచ్చిన బస్సే తన నంబరు పలుకుతుంది. ఢిల్లీలోను, ముంబాయిలోను బస్సులకు అమర్చి పరీక్షించారు. మన సాగర్ రోడ్డు ప్రయాణికునికి మాత్రం ఆ అక్కే దిక్కు.

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. శేరిగూడ, మంగళ్‌పల్లి, బొంగ్లూర్, మన్నెగూడ, రాగన్నగూడ, తుర్కయాంజాల్. ఒక్కొక్క ఊరు రాకముందే పేరు చెప్పేస్తుంటే మాకు ఆశ్చర్యం. ఫోను చెప్పినవి కొన్ని, మలుపులను బట్టి, స్పీడు బ్రేకర్లను బట్టి, లారీల మోతను బట్టి ఆయన కనిపెట్టినవి కొన్ని.

ఫోనుకు ఊరి పేరు ఎలా తెలుస్తుందని మన పిల్లలు అడిగితే చెప్పడానికి రెండు మాటలు. భూమికి సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు ఎడతెగక సమయాన్ని ప్రసారం చేస్తుంటాయి. కనీసం నాలుగింటి సంకేతాలు అందితే, ఏది ఎంత ఆలస్యంగా అందిందో లెక్కగట్టి ఫోను తన చోటు తెలుసుకుంటుంది. ఇవి అమెరికా సైన్యం కోసం పుట్టిన ఉపగ్రహాలు. సామాన్యులకు అందే సంకేతాన్ని వారు కావాలని చెడగొట్టేవారు. 2000వ సంవత్సరం మే నెలలో ఆ పని మానివేశారు. దానికి ముందే, కాలిఫోర్నియాలోని శాంతా బార్బరా విశ్వవిద్యాలయంలో రెజినాల్డ్ గోలెడ్జ్ అనే భూగోళ శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు చూపు లేనివారికి దారి చెప్పే యంత్రం మీద పనిచేశారు. గోలెడ్జ్ గారు నడివయసులో తానే చూపు పోగొట్టుకున్నవారు. ఆనాటి ఆ యంత్రాన్ని వీపు మీద మూటలాగ మోయవలసి వచ్చేది. అదే పని చేసేది ఇప్పుడు మా తమ్ముని జేబులో ఉంది. గూగుల్ మ్యాప్స్ 2018లో తెలుగులో దారి చెప్పడం మొదలుపెట్టింది. కాలినడకన పోయే చూపులేనివారి కోసం మరింత వివరంగా చెప్పే ఏర్పాటు 2019లో వచ్చింది గాని, అది మొదట అమెరికాలో ఇంగ్లీషుకు, జపానులో జపాను భాషకు మాత్రమే దక్కింది. పెద్ద భాషలకు పెద్దపీట ఎప్పుడూ ఉన్నదే.

ఎల్బీనగర్‌లో దిగాము. మాకు గుండె దడ మొదలైనది ఇక్కడే. బండ్లు నాలుగు దిక్కుల నుండి వస్తున్నాయి. తమ్ముడు అంచున నిలబడి, కర్ర ముందుకు పెట్టి, వింటున్నాడు. అంతలో ఒక పెద్దాయన, పాపం మంచి మనసుతోనే, వెనుకనుండి వచ్చి ఆయన చెయ్యి గుంజి పట్టుకొని రోడ్డు మీదికి లాక్కొనిపోబోయాడు. తమ్ముడు కాలు కదపలేదు. "పెద్దాయనా, నువ్వు నా చెయ్యి పట్టకు, నేను నీ మోచెయ్యి పట్టుకుంట" అన్నాడు నవ్వుతూ. పెద్దాయన నవ్వాడు. ఇద్దరూ దాటారు.

చదువరులు ఈ చిన్న సంగతి మనసులో ఉంచుకోవాలని మా మనవి. మనం వారి చెయ్యి పట్టి లాగితే వారికి ముందేముందో తెలియదు, నేల మీద పట్టు పోతుంది. వారు మన మోచేతిని పట్టుకొని అరడుగు వెనుక నడిస్తే, మన ఒళ్లు ఎక్కితే మెట్టు, దిగితే పల్లం అని వారికి తెలిసిపోతుంది. ముందు "సాయం కావాలా?" అని అడగాలి. వద్దంటే నొచ్చుకోకూడదు. యెరికో దారిలో బర్తిమయి కేకలు వేసినప్పుడు, అతనికి ఏం కావాలో ప్రభువుకు తెలియక కాదు గదా, అయినా ఆయన ముందు అడిగాడు.

మియాపూర్ దాకా పోయే ఎర్ర లైను మెట్రో రైలు ఎల్బీనగర్ నుండే బయలుదేరుతుంది. ఇక్కడి దాకా రైలు వచ్చినది 2018 సెప్టెంబరు 24న. పైకి చేరగానే తమ్ముని నడకలో వేగం పెరిగింది. కారణం నేల మీది పసుపుపచ్చని పలకలు. పొడుగు గీతలున్న పలక మీద కర్ర జారితే 'నడువు' అని, బొబ్బల్లాంటి చుక్కలు తగిలితే 'ఆగు, మలుపో మెట్టో ఉంది' అని అర్థం. వీటిని కనిపెట్టినది జపాను దేశస్థుడు సీయిచి మియాకే, 1965లో. మొట్టమొదట వేసినది 1967లో ఒకయామా పట్టణంలో, అంధుల పాఠశాల దగ్గరి రోడ్డులో. వీటిని ఇన్నాళ్లూ అలంకారానికి వేశారనుకొని తొక్కుతూ పోయేవారే ఎక్కువమంది. రైలులో స్టేషన్ల పేర్లు తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడు భాషల్లో చెబుతారు. అయినా తమ్ముడు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. ఎల్బీనగర్ తరువాత పదిహేనవది పంజాగుట్ట. "చెప్పుడు ఆగిపోతే నా లెక్క నాకుంటది" అన్నాడు.

పంజాగుట్టలో దిగి, ఆటో కోసం పేవుమెంటు మీద నడుస్తుండగా ఆ దినపు అసలు పరీక్ష వచ్చింది. ఫోను నేరుగా వెళ్లమంటున్నది. తమ్ముడు నేరుగానే వెళుతున్నాడు. ఎదురుగా ఎవరో ఏదో పైపు కోసం తవ్విన గుంత. చుట్టూ తాడు లేదు, పలక లేదు. పది అడుగులు, ఎనిమిది, ఆరు. మాలో ఒకరు నోరు తెరవబోతే ఇంకొకరు చెయ్యి నొక్కారు. కర్ర కొన శూన్యంలోకి దిగింది. తమ్ముడు టక్కున ఆగాడు. కర్రతో గుంత అంచు అటూ ఇటూ కొలిచి, పక్కకు జరిగి, గోడ వెంట దాటిపోయాడు. మాకు చెమటలు పట్టాయి గాని ఆయనకు పట్టలేదు.

ఫోను తప్పేమీ లేదు. ఆరుబయట కూడా అది చెప్పే చోటులో నాలుగైదు మీటర్ల తేడా ఉండవచ్చు, భవనాల మధ్య ఇంకా ఎక్కువ. గుంత వెడల్పు రెండడుగులు. నిన్న రాత్రి తవ్విన గుంత ఏ ఉపగ్రహానికీ తెలియదు. దానిని కనిపెట్టినది తెల్లకర్ర. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జేమ్స్ బిగ్స్ అనే ఆయన చూపు పోయిన తరువాత, బండ్లవారికి కనబడాలని 1921లో తన కర్రకు తెల్లరంగు వేసుకున్నాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికులకు పొడవైన కర్రను అడుగడుగుకీ అటూ ఇటూ ఆడిస్తూ నడవడం నేర్పినది రిచర్డ్ హూవర్. ఇప్పటికీ నేర్పేది ఆ పద్ధతే.

కర్రకు అందనివీ ఉంటాయి. నడుముకు పైన వేలాడే కొమ్మ, లారీ వెనుక నుండి పొడుచుకువచ్చిన ఇనుప చువ్వ, ఇవి మొగానికే తగులుతాయి. వీటికోసం ఢిల్లీ ఐ.ఐ.టి.లో ప్రొఫెసర్ ఎం. బాలకృష్ణన్ గారి బృందం 'స్మార్ట్‌కేన్' చేసింది, 2014లో బయటికి వచ్చింది. గబ్బిలం లాగ చెవికి వినబడని శబ్దాన్ని పంపి, మూడు మీటర్ల లోపు ఏదైనా అడ్డం ఉంటే పిడి వణుకుతుంది. అదే ఏడాది మన సికిందరాబాదులోని డ్యుసీర్ అనే కంపెనీ 'లేచల్' అనే చెప్పులతో వార్తలకెక్కింది. క్రిస్పియన్ లారెన్స్, అనిరుధ్ శర్మ అనే యువకుల తలంపు అది. ఎడమకు తిరగాలంటే ఎడమ చెప్పు, కుడికి తిరగాలంటే కుడి చెప్పు వణికేవి. చెవి ఖాళీగా ఉంటుంది గనుక చక్కని ఆలోచన. ఎల్.వి. ప్రసాద్ సంస్థలోనే వాటిని పరీక్షించారు. ఇటువంటివి వస్తుంటాయి, పోతుంటాయి. మైక్రోసాఫ్ట్ కంపెనీ 2018లో 'సౌండ్‌స్కేప్' అనే దారి చెప్పే ఏర్పాటు చేసి, 2023లో మూసివేసి, దాని ప్రోగ్రామును అందరికీ ఇచ్చివేసింది. అలవాటు పడినవారు ఎంత అవస్థపడ్డారో! కాబట్టే నడక నేర్పేవారు మొదట కర్ర నేర్పుతారు, ఆ తరువాతే ఫోను.

సాయంకాలం అదే దారిన తిరిగి వచ్చాము. ఆ తల్లితో జరిగినది జరిగినట్టు చెప్పాము, గుంత సంగతి కూడా. దాచవచ్చునా అని ఆలోచించాము గాని, దాచితే అది సాక్ష్యం కాదు. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. "కర్రతోటే ఆగిండా?" అని రెండుసార్లు అడిగింది. మరుసటి వారం ఆయన ఒక్కడే పోయి వచ్చాడు. ఇప్పుడు వారానికి రెండుసార్లు పోతున్నాడు.

యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయం మనం ఎన్నోసార్లు చదివాము. పుట్టు గుడ్డివాని కన్నుల మీద బురద పూసి, సిలోయము కోనేటికి పోయి కడుక్కొమ్మని ప్రభువు పంపాడు. అతనికి చూపు వచ్చినది కడుక్కున్న తరువాత. అంటే ఆ దారంతా అతడు చూపులేకుండానే నడిచాడు. ఎవరైనా చెయ్యి పట్టి తీసుకొనిపోయినట్టు అక్కడ రాసి లేదు. 2004లో యెరూషలేములో మురుగు కాలువ పని చేస్తుండగా ఆ కోనేటి మెట్లు బయటపడ్డాయి. దేవాలయపు కొండ నుండి అక్కడికి సుమారు ఆరువందల మీటర్ల పల్లపు దారి, మెట్లు మెట్లుగా. బేత్సయిదాలో ఇంకొకనిని ప్రభువే చెయ్యి పట్టుకొని ఊరి వెలుపలికి తీసుకొనిపోయాడు. ఇతనినేమో నీవే వెళ్లుమని పంపాడు. మన ఇళ్లలో, సంఘాలలో చూపు లేని బిడ్డలను చెయ్యి పట్టి నడిపించడం మనకు బాగా తెలుసు. పంపడమే ఇంకా రాలేదు. పడిపోతారని భయం. ఆ భయంలో ప్రేమ ఉంది, కాదనము. కాని ముప్పై ఏండ్ల మనిషి ఉప్పు పొట్లం తెచ్చుకోవడానికి కూడా ఇంకొకరి తీరిక కోసం కూర్చోవలసి వస్తే అతని బ్రతుకు ఏమగును?

లేవీయకాండము పంతొమ్మిదవ అధ్యాయంలో గుడ్డివాని యెదుట అడ్డం వేయకూడదనే ఆజ్ఞ ఉన్నది. అటువంటి దుర్మార్గం మనమెందుకు చేస్తామనుకుంటాము. మా తమ్ముడు ఒక ఆదివారం నవ్వుతూ చెప్పాడు: "పంజాగుట్ట పోవుడు అల్కగ ఉన్నదన్నా, మన మందిరంలకు వచ్చుడే కష్టం." నిజమే. గుమ్మం ముందు రెండువందల జతల చెప్పుల కుప్ప. మెట్ల పక్కన అడ్డంగా మోటారు సైకిళ్లు. క్రిస్మసుకు షామియానా వేస్తే మోకాలెత్తున తాళ్లు. ఇప్పుడు చెప్పులకు ఒక పక్కన చెక్క అర చేయించాము. తాళ్లకు తెల్ల గుడ్డ పీలికలు కడుతున్నాము, అది చూపు మందగించిన ముసలివారికి. తమ్మునికైతే తాళ్లు లేని ఒక దారి విడిచిపెడుతున్నాము.

ఇంకొక చిక్కు మిగిలింది. బస్సు దిగిన చోటినుండి మందిరానికి అర కిలోమీటరు మట్టి బాట. పటంలో ఆ బాట లేదు. ఫోను పొలం గట్టు దగ్గరే గమ్యం చేరారని చెప్పి ఊరుకుంటుంది. మన యవ్వనస్థులు ముగ్గురు ఒక శనివారం తమ్మునితో కలిసి ఆ బాట నడిచారు. ఎక్కడ ఏముందో ఆయన చెప్పమన్నట్టుగా చెప్పి ఆయన ఫోనులోనే రికార్డు చేశారు. కల్వర్టు దాటగానే ఎడమకు, అక్కడినుండి నూట ఇరవై అడుగులు, కుడిపక్క పిండిగిర్ని చప్పుడు, చింతచెట్టు నీడ చల్లదనం, తరువాత నేల గరుకవుతుంది, అది మందిరం సిమెంటు బాట. వర్షాకాలంలో కల్వర్టు దగ్గర బురద ఉంటుంది గనుక దానికి వేరే రికార్డు చేయాలట. వచ్చే నెల కొంగరకలాన్ కలెక్టరు కార్యాలయం దారి కూడా ఇలాగే చేస్తామంటున్నారు. అది సాగర్ రోడ్డు నుండి పక్కకు తిరిగి లోపలికి పోవాలి. పింఛను కాగితాల పనికి ఆయన అక్కడికి వెళ్లవలసి ఉన్నది.